‘ధ’ కింద గీత కనపడట్లేదు: నాన్న డెస్క్‌టాప్ రిపేరు డైరీ

ముందు కథ కొంచెం చెప్పాలి. పోయిన నెల తెనాలి వెళ్ళినప్పుడు నాన్న కంప్యూటర్లో విండోస్ 10 పీకేసి లైనక్స్ మింట్ 22 (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టా. విండోస్ 10 కి 2025 అక్టోబరు 14 తో మామూలు సపోర్టు అయిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్లో 8వ తరం నుంచి పైవాటికే అంటోంది, మనది చూస్తే ఐ3 2120, అంటే రెండో తరం. హెచ్61 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఏమీ లేదు, ప్రాసెసర్లోనే ఉన్న ఇంటెల్ హెచ్‌డీ 2000 తో బండి లాగిస్తున్నాం. మానిటర్ 19 అంగుళాల వైడ్, వెనక ఒకే ఒక్క వీజీఏ పోర్టు (మానిటర్ కేబుల్ గుచ్చే పాతకాలపు చోటు). మెషిన్ పాతదే గానీ శుభ్రంగా ఉంది, పారెయ్యబుద్ధి కాలా.

ఆ ట్రిప్పులోనే అమ్మ హాల్లో దివాన్ వేయించాలంది, దాంతో కంప్యూటర్ టేబుల్ని వెనక గదిలోకి మార్చాం. అన్నీ ఒక్క మధ్యాహ్నంలో. సాయంత్రం బండి టైమైపోతోందని హడావిడిగా అంతా కలిపేసి, స్క్రీన్ మీద బొమ్మ వచ్చింది కదా అని హైదరాబాద్ వచ్చేశా.

వారం తిరక్కుండా ఫోను. "ఏరా, నువ్వు పెట్టిన ఆ లైనక్స్‌లో అక్షరాలన్నీ ఉబ్బిపోయాయిరా. ధనం అని కొడితే దనం అని కనపడుతోంది. నేను తప్పు కొట్టానో అది తప్పు చూపిస్తోందో తెలియట్లా."

నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన స్నేహితుడొకాయన రాసిన శతకానికి ప్రూఫులు దిద్దుతున్నారు ఇప్పుడు, కాబట్టి ఒత్తు కనపడకపోవడం ఆయనకి చిన్న విషయం కాదు. నేనేమో ఫోన్లో "సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ మార్చండి నాన్నా" అని చెప్పి చేతులు దులుపుకుందామనుకున్నా. "అక్కడ ఒకటే ఉందిరా, మార్చడానికి రెండోది లేదు" అన్నారు. ఇహ లాభం లేదని నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చా. ఎవరికన్నా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా, నా తెలివితక్కువ పనులతో సహా.

శనివారం పొద్దున్న

కూర్చోగానే అర్థమైంది. స్క్రీన్ రిజల్యూషన్, అంటే అడ్డంగా నిలువుగా ఎన్ని చుక్కలో ఆ లెక్క, 1024 బై 768 లో ఉంది. మానిటర్ అసలు రిజల్యూషన్ 1440 బై 900. మొదటిది 4:3 లెక్క, రెండోది 16:10. అంటే చతురస్రానికి దగ్గరగా ఉన్న బొమ్మని అడ్డంగా సాగదీసి నింపుతోంది మానిటర్. గుండ్రంగా ఉండాల్సిన గడియారం ఐకాన్ ఆవకాయ జాడీ మూతని పక్క నుంచి చూసినట్టుంది.

సాగడం ఒక్కటే అయితే కళ్ళు అలవాటు పడతాయి. అసలు బాధ ఏంటంటే, ఎల్‌సీడీకి చుక్కలు లెక్కగా పోతపోసి ఉంటాయి, అడ్డంగా 1440 నిలువుగా 900, దానికి 1024 చుక్కల బొమ్మ ఇస్తే ఒక చుక్కని దాదాపు ఒకటిన్నర చుక్కలంత చోటులో సర్దాలి, అర చుక్క అనేది ఉండదు కాబట్టి పక్కవాటితో కలిపి పులుముతుంది. ఇంగ్లీషు అక్షరాలకి పులుముడు పెద్దగా తెలీదు. తెలుగుకి వచ్చేసరికి ద కి ధ కి తేడా కింద ఉన్న బుల్లి గీతే, ధ కి థ కి తేడా మధ్యలో చుక్కే, ప లోపల గీత పడితే ష, కింద పడితే ఫ. కి, కీ తేడా చూడాలంటే గుడి చివర ముడి కనపడాలి. ఇవన్నీ చిన్న సైజులో ఒకటి రెండు చుక్కల మీద ఆధారపడ్డ బతుకులు, అవే ముందు మాయమవుతాయి. నాన్న కళ్ళజోడు మార్పించుకుందామని కూడా అనుకున్నారట పాపం.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నిజంగానే ఒకే ఒక్క ఆప్షన్. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తీసి ఎక్స్‌ర్యాండర్ అని కొట్టా, తెర వివరాలు చూపించే, మార్చే కమాండ్ అది. ముందు ‘గామా సైజు తెలుసుకోలేకపోయా, అవుట్‌పుట్ డిఫాల్ట్’ అని ఒక ఏడుపు, కింద కనెక్టర్ పేరు ఉండాల్సిన చోట ఉత్త ‘డిఫాల్ట్’ అని ఉంది. వీజీఏ అని గానీ హెచ్‌డీఎంఐ అని గానీ లేదు.

ఈ ‘డిఫాల్ట్’ అన్న మాట చూడగానే నాకు గుర్తు రావాల్సింది. రాలా. గంటసేపు ఇంటెల్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ కూర్చున్నా. లైనక్స్‌లో ఇంటెల్ డ్రైవర్ విడిగా దించుకునేది కాదు, కెర్నెల్‌లోనే (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఉంటుంది, పేరు ఐ915, ఇది నాకు తెలుసు కూడా, అయినా వెతికా. ఆకలేస్తే బుర్ర పనిచెయ్యదు.

శనివారం మధ్యాహ్నం

భోజనం అయ్యాక గుర్తొచ్చింది. ఇన్‌స్టాల్ చేసిన రోజు పెన్‌డ్రైవ్ తో బూట్ చేస్తే మింట్ లోగో తర్వాత స్క్రీన్ నల్లగా అయిపోయింది, అప్పుడు నేను మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుని పని కానిచ్చా. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా మళ్ళీ నలుపు వస్తుందేమోనని భయంతో గ్రబ్ (ఆన్ చెయ్యగానే లైనక్స్‌ని లేపే ప్రోగ్రాం) ఫైల్‌లో ‘నోమోడ్‌సెట్’ అని నా చేత్తో నేనే రాశా. తర్వాత తీసేద్దాం అనుకుని మర్చిపోయా.

నోమోడ్‌సెట్ అంటే కెర్నెల్‌కి "నువ్వు గ్రాఫిక్స్ జోలికి పోకు, బయాస్ ఏ సైజు ఇచ్చిందో దాంతోనే సర్దుకో" అని చెప్పడం. ఐ915 డ్రైవర్ అసలు లోడే అవదు. అందుకే ఎక్స్‌ర్యాండర్‌కి కనెక్టర్ పేరు కూడా తెలియలా. ఇంకో నష్టం, గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. కిటికీ అటు ఇటు జరిపితే చాలు ఫ్యాను గోల. "కొత్తది పెట్టాక బాగా వేడెక్కుతోందిరా" అని నాన్న ఫోన్లో అన్నది కూడా ఇదే, నేను ఎండాకాలం అనేసి ఊరుకున్నా.

ఎట్‌సీ లోపల డిఫాల్ట్ ఫోల్డర్లో గ్రబ్ అనే ఫైల్ తెరిచి ఆ మాట తీసేశా, ‘క్వైట్ స్ప్లాష్’ మాత్రం ఉంచా. రీస్టార్ట్. ఏం మారలా. మళ్ళీ రీస్టార్ట్. ఊహూ. ఫైల్ మార్చాక అప్‌డేట్-గ్రబ్ అని ఒక కమాండ్ కొట్టాలి, లేకపోతే మన మార్పు ఆ ఫైల్‌లోనే పడుంటుంది. అర్జీ రాసి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చినట్టు. కొట్టి, రీస్టార్ట్ చేసి, ఊపిరి బిగపట్టుకు చూస్తే నలుపు రాలా, డెస్క్‌టాప్ వచ్చింది.

మళ్ళీ 1024 బై 768 లోనే.

కానీ ఈసారి తేడా ఉంది. ఎక్స్‌ర్యాండర్ ఇప్పుడు ‘వీజీఏ-1 కనెక్టెడ్’ అని పేరు పెట్టి చెబుతోంది. ఫ్యాను నోరు మూసుకుంది. సెట్టింగ్స్‌లో ఒకటి కాదు నాలుగు సైజులు: 1024 బై 768, 800 బై 600, 848 బై 480, 640 బై 480.

నాన్న వెనక నుంచి చూసి "పెరిగాయి కానీ అన్నీ చిన్నవే పెరిగాయిరా" అన్నారు.

శనివారం రాత్రి

ఈ నాలుగు సైజుల జాబితా మామూలు జాబితా కాదు. మానిటర్ తన గురించి ఏమీ చెప్పకపోతే, కెర్నెల్ తనంతట తానే "ఏ మానిటరైనా కనీసం ఇవి చూపిస్తుందిలే" అని పెట్టే జాబితా ఇది, దాని పైహద్దే 1024 బై 768. అంటే సమస్య ఇప్పుడు డ్రైవర్‌ది కాదు, మానిటర్ నోరు విప్పట్లేదు.

మానిటర్ చెప్పాల్సిన దాన్ని ఈడీఐడీ అంటారు. నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచించి ‘మానిటర్ జాతకం’ అని చెప్పా, ఆయనకి బాగా నచ్చింది. 128 బైట్ల చిన్న చీటీ, మానిటర్ లోపల చిప్‌లో రాసి ఉంటుంది. తయారు చేసిన కంపెనీ మూడక్షరాల గుర్తు, పుట్టిన వారం, పుట్టిన సంవత్సరం, తెర పొడవు వెడల్పు సెంటీమీటర్లలో, ఏ రిజల్యూషన్ అంటే ఇష్టం, అన్నీ అందులో ఉంటాయి. సంవత్సరాన్ని 1990 నుంచి లెక్కపెట్టి రాస్తారు, 19 అని ఉంటే 2009 అన్నమాట. కంప్యూటర్ ఆన్ అవగానే గ్రాఫిక్స్ వెళ్ళి ఆ చీటీ చదువుకుని, దాన్ని బట్టి బొమ్మ పంపుతుంది.

మన దగ్గర చీటీ వస్తోందా లేదా చూడటం తేలికే. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో డీఆర్ఎం, అందులో కార్డు పేరుతో వీజీఏ-1 ఫోల్డర్, దాన్లో ఈడీఐడీ అని ఒక ఫైల్. ఎన్ని బైట్లు ఉన్నాయో లెక్కపెట్టమన్నా. సున్నా.

ఇక్కడ నేను "ఎందుకు సున్నా?" అని అడిగి ఉంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది. అడగలా. "చెప్పకపోతే పోనీ, మనమే చెబుదాం" అనుకున్నా. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఉండే జబ్బే అది, ప్రతిదీ కీబోర్డు మీంచే సరిచెయ్యాలనిపిస్తుంది.

ఆదివారం

మానిటర్ నోరు విప్పకపోయినా మనం మోడ్ (ఏ సైజు, సెకనుకి ఎన్ని బొమ్మలు అనే లెక్క) తయారుచేసి బలవంతంగా పెట్టొచ్చు. దానికి సీవీటీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, 1440, 900, 60 అని ఇస్తే ఒక లైను లెక్క కట్టి ఇస్తుంది. మనకి ఇచ్చింది ఇదీ: 106.50 మెగాహెర్ట్జ్, తర్వాత 1440 1528 1672 1904, తర్వాత 900 903 909 934.

ఈ అంకెలు చూసి నాన్న ఆగారు. "1440 కదా మనకి కావాల్సింది, 1904 ఏంటి?" మంచి ప్రశ్న, నేనూ చాన్నాళ్ళు పట్టించుకోలేదు. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో లోపల కిరణం ఎడం నుంచి కుడికి గీసుకుంటూ వెళ్ళి, లైను అయిపోయాక మళ్ళీ ఎడం వైపుకి వెనక్కి రావాలి, ఆ వచ్చే టైములో బొమ్మ పంపకూడదు. పొలం దున్నేటప్పుడు చాలు చివర ఎద్దులు తిరగడానికి కాస్త జాగా వదులుతాం కదా, అదే. 1440 దున్నే నేల, మిగతా 464 ఎద్దులు తిరిగే జాగా. నిలువునా అంతే, 900 కి పైన 34. 1904 ని 934 తో గుణించి, 106.5 మెగాహెర్ట్జ్‌ని దాంతో భాగిస్తే సెకనుకి 59.89 బొమ్మలు. ఎల్‌సీడీకి ఎద్దులూ లేవు తిరగడమూ లేదు కానీ వీజీఏ తీగలో ఇప్పటికీ అదే పద్ధతి. ఆ జాగా తగ్గించిన లెక్క కూడా ఉంది, సీవీటీకి ఆర్ అని తగిలిస్తే 88.75 మెగాహెర్ట్జ్‌తోనే సరిపెడుతుంది. పాత వీజీఏ మానిటర్ కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

ఇంత లెక్క తెలిసినవాణ్ణి మొదటి ప్రయత్నంలో ఏం చేశానంటే, ఆశకి పోయి 1920 బై 1080 పెట్టి చూశా. ఏమో, తీసుకుంటుందేమో! తెర నల్లబడి మధ్యలో ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని డబ్బా తిరుగుతూ ఉంది. ఏమీ కనపడదు, వెనక్కి ఎలా వెళ్ళాలి? కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి నల్ల కన్సోల్‌లోకి పోయి అక్కణ్ణుంచి రీబూట్ చేశా. తర్వాత తెలివొచ్చి ప్రతి ప్రయోగానికీ ఒకే లైన్లో మూడు కమాండ్లు పెట్టా: కొత్త మోడ్ పెట్టు, 15 సెకన్లు పడుకో, పాత మోడ్‌కి వచ్చెయ్. నచ్చితే అప్పుడు చివరి ముక్క లేకుండా మళ్ళీ కొట్టొచ్చు. ఈ ఒక్క చిట్కా ముందే తెలిసుంటే నా జీవితంలో చాలా రీబూట్లు తగ్గేవి.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా, 1366 బై 768 మానిటర్ ఉన్నవాళ్ళకి. సీవీటీకి 1366 ఇస్తే అది 1368 కి లెక్క కడుతుంది, ఎందుకంటే దానికి అడ్డం కొలత 8 తో భాగించబడాలి. కంగారు పడకండి, మీరు తప్పు కొట్టలేదు.

సరే, 1440 బై 900. ఎక్స్‌ర్యాండర్‌లో న్యూమోడ్ అని ఆ లైనంతా ఇచ్చా, యాడ్‌మోడ్ తో వీజీఏ-1 కి తగిలించా, తర్వాత అవుట్‌పుట్ మోడ్ పెట్టా. తెర ఒక్కసారి ఆరి వెలిగింది. గడియారం గుండ్రంగా వచ్చింది! కానీ బొమ్మ మొత్తం వేలెడంత ఎడం పక్కకి జరిగి ఉంది, కుడి పక్క నల్ల చార, అక్షరాల చుట్టూ సన్నగా వణుకు. వీజీఏ అనలాగ్ కదా, ప్రతి చుక్క ఎక్కడ మొదలవుతుందో మానిటరే ఊహించుకోవాలి. మానిటర్ మీద ఆటో బటన్ నొక్కా, ఇంకా చెడిపోయింది. కారణం వెనక వాల్‌పేపర్ నల్లటిది. అంచులు ఎక్కడున్నాయో దానికి కనపడాలంటే తెర నిండా తెల్లగా ఉండాలి. లిబ్రాఫీస్‌లో ఖాళీ పేజీ ఫుల్ స్క్రీన్ చేసి మళ్ళీ నొక్కితే మూడు సెకన్లు అటూ ఇటూ ఊగి చక్కగా కూర్చుంది.

నాన్న కుర్చీ లాక్కుని టైపు చేశారు: ధనం, దనం, కథ, కధ, ఫలం, పలం. ఒక్కోటీ వేలు పెట్టి చూశారు. "ఆ, ఇప్పుడు కనపడుతోంది" అన్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను గెలిచేశా అనుకున్నా.

ఆదివారం రాత్రి

రీస్టార్ట్ చేస్తే మొత్తం పోయింది. ఎక్స్‌ర్యాండర్ తో పెట్టింది ఆ పూటకే, నాకు తెలుసు. హోమ్ ఫోల్డర్లో ఎక్స్‌ప్రొఫైల్ అనే దాగుడు ఫైల్‌లో ఆ మూడు కమాండ్లు రాశా. లాగిన్ అయ్యాక పనిచేస్తోంది, కానీ లాగిన్ తెర మాత్రం ఇంకా ఉబ్బిందే, పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఆరి వెలిగి మారుతోంది. ఈ మింట్ ఎక్స్11 (తెర మీద బొమ్మ గీసే పాత పద్ధతి) మీద నడుస్తుంది కాబట్టి ఈ మాత్రమన్నా కుదిరింది, వేలాండ్ అనే కొత్త పద్ధతి మీద నడిచే డెస్క్‌టాప్ అయితే ఎక్స్‌ర్యాండర్ ఇలా మోడ్ మార్చలేదు, కెర్నెల్‌కే చెప్పాలి.

సరే కెర్నెల్‌కే చెబుదామని మళ్ళీ గ్రబ్ ఫైల్ తెరిచి ‘వీడియో ఈక్వల్ టు వీజీఏ-1, కోలన్, 1440 ఎక్స్ 900 ఎమ్, ఎట్ 60’ అని రాశా. ఆ ఎమ్ పెడితేనే సీవీటీ లెక్క వాడుతుంది, పెట్టకపోతే జీటీఎఫ్ అనే ఇంకో పాత లెక్క. ఈసారి అప్‌డేట్-గ్రబ్ మర్చిపోలా. రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర కూడా సరిగ్గా వచ్చింది.

పడుకోబోతూ నాన్నకి గొప్పగా చెప్పా, అయిపోయింది నాన్నా, మీ మానిటర్ మూగది, మనమే మాట్లాడేశాం అని.

ఆయన దుప్పటి కప్పుకుంటూ అన్నారు: "మూగదేంట్రా, హాల్లో ఉన్నప్పుడు బాగానే మాట్లాడేదిగా."

నాకు చాలాసేపు నిద్ర పట్టలా.

సోమవారం

నిజమే. అదే మానిటర్, అదే సీపీయూ, హాల్లో ఉన్నప్పుడు 1440 బై 900 తనంతట తనే వచ్చేది. ఎవరూ ఏ మోడూ రాయలేదు. ఆ రోజు నేను విండోస్ తీసి లైనక్స్ పెట్టా, అది అందరికీ గుర్తుంది. టేబుల్ కూడా మార్చాం, అది ఎవరూ లెక్కలో వేసుకోలా. నాన్న లైనక్స్‌ని తిట్టారు, నేను డ్రైవర్‌ని తిట్టా. రెండు మార్పులు ఒకే మధ్యాహ్నం చేస్తే నింద ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి మీదే పడుతుంది, కొత్త కోడలి మీద పడ్డట్టు.

మరి టేబుల్ మారిస్తే ఏం మారింది? కేబుల్. వెనక గదిలో ప్లగ్గు పాయింట్ ఒక మూల, టేబుల్ ఇంకో మూల, సీపీయూ కింద అరుగు మీద పెట్టాం, పాత వీజీఏ కేబుల్ అందలా. అప్పుడు నాన్నే అటక మీంచి ఒక పొడుగు కేబుల్ తీసిచ్చారు, దుమ్ము దులిపి నేను పెట్టా.

పాత పొట్టి కేబుల్ ఇంకా డ్రాయర్లోనే ఉంది. సీపీయూని స్టూలు మీదకెక్కించి మానిటర్ పక్కకి తెచ్చి, గ్రబ్‌లో నేను రాసిన వీడియో ముక్క తీసేసి, ఎక్స్‌ప్రొఫైల్ పేరు మార్చేసి, పొట్టి కేబుల్ తగిలించి ఆన్ చేశా. లాగిన్ తెర నుంచే 1440 బై 900. ఈడీఐడీ ఫైల్ 128 బైట్లు. రెండు రోజులు.

పొడుగు కేబుల్ పీకి వెలుతురులో చూశా. వీజీఏ ప్లగ్గులో మూడు వరసలు, వరసకి అయిదు, మొత్తం 15 పిన్నులకి చోటు. ఇక్కడ ఒక జాగ్రత్త, మధ్య వరసలో 9వ పిన్ను చాలా కేబుళ్ళలో ఉండదు, అది చూసి దొంగ దొరికాడు అనుకోకండి, నేను అనుకున్నా. మా పొట్టి కేబుల్లోనూ అది లేదు, అయినా భేషుగ్గా పనిచేస్తోంది. కింది వరసలో ఇంకో ఖాళీ కనపడింది. లెక్కపెడితే ఒకసారి 14 వచ్చింది, ఒకసారి 12 వచ్చింది, ఎందుకంటే పోర్టు వైపు నుంచి చూసే బొమ్మకీ ప్లగ్గు వైపు నుంచి చూసే బొమ్మకీ ఎడమకుడులు తారుమారవుతాయి. కొంచెం ఆలోచిస్తే తేలిపోయింది. 14 నిలువు సింక్, అది లేకపోతే బొమ్మ అసలు నిలవదు, జారుతూ పోతుంది. మనకి బొమ్మ నిలిచింది కాబట్టి లేనిది 12.

12, 15 ఈ రెండు పిన్నులే ఆ జాతకం చీటీ వచ్చే దారి. డీడీసీ అంటారు, ఒకటి డేటా ఒకటి క్లాక్. 1, 2, 3 మీద ఎరుపు ఆకుపచ్చ నీలం వస్తాయి, 13, 14 మీద సింకులు. అంటే 12 పోయినా రంగులు బాగుంటాయి, బొమ్మ బాగుంటుంది, ఎక్కడా గీతలు రావు, ఏ తేడా కనపడదు, ఒక్క మానిటర్ పరిచయం తప్ప. అందుకే కేబుల్ మీద అనుమానం రాదు. బొమ్మ వస్తోంది కదా, కేబుల్ బాగానే ఉంది అనుకుంటాం.

దగ్గరగా చూస్తే పిన్ను పూర్తిగా లేకపోవడం కాదు, మొదట్లోకి వంగి పడుకుని ఉంది. ఎవరో ఎప్పుడో వంకరగా గుచ్చి తోసేశారు. అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ ముక్క దానికి తొడిగి మెల్లగా లేపా. లేచింది. ఇంకొంచెం తిన్నగా చేద్దామని వంచా, టిక్కుమని ఊడి చేతిలోకొచ్చింది.

"పన్ను కదిలితే వదిలెయ్యాలిరా, కెలకకూడదు" అన్నారు నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా.

సోమవారం సాయంత్రం

కొత్త కేబుల్ కొనడానికి బజారుకెళ్ళా, జేబులో మల్టీమీటర్ పెట్టుకుని. షాపతను మూడు మీటర్లది ఇచ్చి "అన్నీ ఒకటే సార్" అన్నాడు. ఒకటి కావు బాబూ, అది తెలుసుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది, అని మనసులో అనుకుని, కవర్ విప్పమని అడిగి, మీటర్ని బీప్ మోడ్‌లో పెట్టి ఈ కొస 12 నుంచి ఆ కొస 12 కి, ఈ కొస 15 నుంచి ఆ కొస 15 కి పట్టి చూశా. రెండూ కూశాయి. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసేవాళ్ళని చూసినట్టు చూశాడు నన్ను. 180 రూపాయలు.

ఇంటికొచ్చి తగిలించి రెండు పక్కలా స్క్రూలు బిగించా, ఈసారి వదులుగా వదల్లా. ఆన్ చేస్తే ఏమీ చెయ్యకుండానే వచ్చింది. ఎక్స్‌ర్యాండర్‌లో 1440 బై 900 పక్కన నక్షత్రం గుర్తు, కూడిక గుర్తు రెండూ ఉన్నాయి. నక్షత్రం అంటే ఇప్పుడు నడుస్తున్నది, కూడిక అంటే మానిటర్ తనే కోరుకున్నది. ఈడీఐడీ డీకోడ్ చేసి చూపిస్తే నాన్న ముచ్చటపడ్డారు. పుట్టింది 2009, తెర 41 సెంటీమీటర్లు బై 26. స్కేలు తెచ్చి కొలిచి చూశారు కూడా. చివరి బైట్ ఎందుకని అడిగారు, మొత్తం 128 బైట్లూ కూడితే 256 తో నిశ్శేషంగా పోవాలి, అలా పోయేట్టు చివర ఒక అంకె సర్దుతారు, దారిలో ఏదన్నా చెడితే లెక్క తప్పి తెలిసిపోతుంది అని చెప్పా. "గణాలు లెక్కేసి పద్యం సరిచూసుకున్నట్టు" అన్నారు.

పెన్‌డ్రైవ్ కూడా పెట్టి చూశా, కొత్త కేబుల్‌తో మామూలుగా బూట్ చేస్తే ఆ నల్ల తెర రాలా. అంటే నోమోడ్‌సెట్ అవసరం కూడా ఆ కేబుల్ పుట్టించిందే.

నేను చేసిన చెత్త తుడిచా. ఎక్స్‌ప్రొఫైల్ తీసేశా, గ్రబ్‌లో నేను రాసిన ముక్కలేమీ లేవని ఇంకోసారి చూసుకున్నా, కాన్ఫిగ్ ఫోల్డర్లో సిన్నమన్ మానిటర్స్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో నా పాత ప్రయోగాలు గుర్తుపెట్టుకుని ఉంది, అదీ తీసేసి లాగవుట్ అయి వచ్చా. ఇవి వదిలేస్తే రేపు మానిటర్ మార్చిన రోజు మళ్ళీ ఇంకో తలనొప్పి.

మంగళవారం

పొద్దున్నే నాన్న ఫిర్యాదు: "అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, కానీ చిన్నవైపోయాయి."

అవుతాయి మరి, అదే తెర మీద చుక్కలు ఎక్కువయ్యాయి. చాలామంది ఇక్కడే మళ్ళీ రిజల్యూషన్ తగ్గించేస్తారు, పెద్దవాళ్ళ కంప్యూటర్లలో నేను చూసినంతలో సగం ఇలాగే ఉంటాయి. అది చెయ్యకూడదు, మళ్ళీ పులుముడే. ఫాంట్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ స్కేలింగ్ 1.0 నుంచి 1.2 చేశా, చుక్కలు అన్నీ పనిలోనే ఉంటాయి, అక్షరం మాత్రం పెరుగుతుంది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన రెండూ వచ్చాయి, లిబ్రాఫీస్‌లో నాన్న పోతన పెట్టుకున్నారు, నాకైతే తెర మీద చదవడానికి నోటో సాన్స్ తెలుగే హాయి, కానీ ఆయన కంప్యూటర్, ఆయన ఇష్టం. ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట్ల కింది లైనుకి తగులుతోందని లైన్ల మధ్య ఎడం కాస్త పెంచాం.

బండి సాయంత్రం. మధ్యాహ్నం ఆయన ప్రూఫులు దిద్దుతుంటే పక్కన కూర్చున్నా. రెండు వారాల క్రితం దిద్దిన పేజీల్లో పదకొండు చోట్ల ద, ధ మళ్ళీ మార్చారు. అందులో నాలుగు చోట్ల కవిగారు సరిగ్గానే రాశారట, నాన్నే కనపడక తప్పు దిద్దారట. "ఆయనకి చెప్పకు" అన్నారు.

పాత కేబుల్ చెత్తబుట్టలో పడేస్తే అరగంటలో మాయమైంది. చూస్తే చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి మళ్ళీ అటకెక్కించారు. "పారేద్దాం నాన్నా, మళ్ళీ ఎప్పుడో ఇదే తీసి పెట్టుకుంటాం" అంటే, "ఏదో ఒకదానికి పనికొస్తుందిరా" అన్నారు. కుర్చీ ఎక్కి తీసి చూశా. కొసకి తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద ఎర్ర ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: ‘12వ పన్ను లేదు’.